ఛాయాచిత్రములు – జీవనోపాధి

కెమెరా చేతబట్టి తిరుగు విద్యార్థి యొకడు మొన్న నన్నడిగెను: "మాస్టారూ! అంతర్జాలమున ఫొటోలు అమ్ముకొనియే బ్రతుకవచ్చునా?" ప్రశ్న చిన్నదే, సమాధానమునకు మాత్రము కొంత లెక్క కావలెను.

ఈ వ్యాపారమునకు 'మైక్రోస్టాక్' అని పేరు. పూర్వము పత్రికలవారును, ప్రకటనకర్తలును ఒక్కొక్క చిత్రమునకు వందల డాలర్లు చెల్లించి వాడుకొనెడివారు. 2000 సంవత్సరమున కెనడాలో బ్రూస్ లివింగ్‌స్టన్ 'ఐస్టాక్‌ఫొటో'ను స్థాపించెను. మొదట అది చిత్రములను ఉచితముగా ఇచ్చిపుచ్చుకొను చోటు. పిదప స్వల్పమైన వెలకు అమ్ము అంగడి యయ్యెను. 2003లో న్యూయార్కున జాన్ ఓరింజర్ తాను తీసిన 30,000 చిత్రములతో 'షట్టర్‌స్టాక్'ను ఆరంభించెను. వెల తగ్గినను గిరాకి పెరుగుటచే, తొలినాళ్లలో చేరినవారిలో కొందరు నిజముగనే దీనిపై జీవించిరి.

ఇచట అమ్ముడుపోవునది చిత్రము కాదు, దానిని వాడుకొను అనుమతి. ఒకే చిత్రమును వేయిమంది కొనవచ్చును. ఆశయంతయు అందే యున్నది. కాని తీసినవాని వంతెంత? షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో ప్రవేశపెట్టిన పద్ధతిని చూడుడు. ఏడాదిలో అమ్ముడైన సంఖ్యను బట్టి వచ్చిన వెలలో నూటికి 15 మొదలు 40 వరకు అతనికి ముట్టును. మొదటి నూరింటికి 15. సంఖ్య 25,000 దాటిననే 40. జనవరి 1వ తేదీ రాగానే ఎంతటివాడైనను మరల మొదటి మెట్టునకు దిగవలసినదే. ఒక అమ్మకమునకు కనీస ప్రతిఫలము 10 సెంట్లు. ఆ కనీసముననే లెక్కించినచో నూరు డాలర్లకు వేయి అమ్మకములు కావలెను! నిరసనగా పలువురు తమ చిత్రములను అమ్మకమునుండి తొలగించిరి. పద్ధతి మాత్రము మారలేదు.

శ్రమయు తక్కువది కాదు. ప్రతి చిత్రమునకు శీర్షిక, వెదకువారికి దొరకునట్లు పదుల కొలది కీలకపదములు వ్రాయవలెను. మనుష్యుల ముఖములున్నచో వారి సంతకముతో అనుమతిపత్రము కావలెను. పైగా సూర్యాస్తమయములు అంగడినిండ కుప్పలుగా నున్నవి. కొనువానికి కావలసినది సౌందర్యము కాదు, తన ప్రకటనకు పనికివచ్చు భావము. అక్షరములు వేసికొనుటకు ప్రక్కన కొంత ఖాళీ.

2023లో మరియొక పోటీ వచ్చెను. షట్టర్‌స్టాక్, అడోబీ సంస్థలు కృత్రిమ మేధతో చిత్రములు కల్పించు సాధనములను తెచ్చినవి. అడోబీవారి 'ఫైర్‌ఫ్లై' తమ అంగడిలోని చిత్రములనే ప్రధానముగా చూచి నేర్చినది. ఛాయాగ్రాహకుని చిత్రమే అతని పోటీదారునికి గురువైనదన్నమాట.

కావున ఆ విద్యార్థికి ఇట్లు చెప్పితిని: "నాయనా! దీనిని అంతరపంటగా వేయుము. ప్రధానమైన పైరు వేరొకటి యుండవలెను. రెండేండ్లు రాబడియు, వ్యయమును, పట్టిన గంటలును పుస్తకమున వ్రాయుము. ఒక్కొక్క చిత్రమునకు ఏడాదికి సగటున ఏమి మిగిలెనో తేలినపిమ్మట నీవే నిర్ణయించుకొనవచ్చును."

అతడు కొంతతడవు ఆలోచించి, "అయితే మొదట లెక్కల పుస్తకమే కొనవలెను మాస్టారూ!" అనెను. కెమెరా మాత్రము భుజమునుండి దించలేదు. అందులకు నేను సంతసించితిని.