చామంతి తోటలో రాత్రి దీపాలు: ఒకే చోక్‌తో ఎన్ని వెలిగించవచ్చు?

చామంతి హ్రస్వ దిన మొక్క. రకాన్ని బట్టి కొంత మారినా, పగటి నిడివి సుమారు పదమూడున్నర గంటలకు తగ్గినప్పుడు మొగ్గ తొడుగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దరిదాపుల్లో ఉన్నాయి. ఇక్కడ ఏడాదిలో అతి దీర్ఘమైన పగలు సైతం సుమారు 13 గంటలే. అందువల్ల ఉష్ణోగ్రత అనుకూలిస్తే, కాడ తగినంత పొడవు పెరగకముందే మొక్క పూతకు సిద్ధపడుతుంది. రాత్రి మధ్యలో కొంతసేపు వెలుగునిచ్చి చీకటిని విడగొడితే ఈ పూతను వాయిదా వేయవచ్చు. దీనికి మొక్కల తలలపై 100 లక్స్ మేరకు కాంతి చాలు.

ఈ అవసరానికి అధిక తీవ్రత గల సోడియం దీపాలను వాడదలచిన రైతు, ఖర్చు తగ్గించుకొనేందుకు ఒకే చోక్‌కు రెండు మూడు దీపాలు కలపవచ్చునా అని అడగడం సహజం. రెండడుగుల 20 వాట్ల ట్యూబులైట్లు రెండింటిని 40 వాట్ల చోక్ ఒక్కదానితో వరుసగా కలపడం మనకు తెలిసినదే. ఎల్‌ఈడీ బల్బులను ఒకే తీగపై ఎన్నో కలుపుతున్నాము. అయితే ఈ రెండు ఉదాహరణలూ సోడియం దీపానికి వర్తించవు.

కారణం ఏమిటి?

సోడియం దీపంలో విద్యుత్ ప్రవాహం పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. అడ్డుకట్ట లేకపోతే ప్రవాహం పెరుగుతూ పోయి దీపం నాశనమవుతుంది. ఆ అడ్డుకట్టయే చోక్. 400 వాట్ల దీపం నిలకడగా వెలిగేటప్పుడు దానిపై సుమారు 100 వోల్టులు, దానిలో సుమారు 4.5 ఆంపియర్లు ఉంటాయి.

రెండు దీపాలను సమాంతరంగా కలిపితే, ముందు వెలిగినది వోల్టేజిని 100 దరికి దించివేస్తుంది, రెండవది వెలగదు. పెద్ద చోక్ తగిలిస్తే, ఆ ప్రవాహమంతా వెలిగిన ఒక్క దీపంలోనే పారి, దాని లోపలి గొట్టం పగిలే ప్రమాదం ఉంది. వరుసగా కలిపితే రెండింటికీ కలిపి 200 వోల్టులు కావాలి. 230 వోల్టుల సరఫరాలో ఇక మిగిలేది స్వల్పం. పైగా దీపం పాతబడేకొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది; పల్లె లైన్లలో సరఫరా కొద్దిగా పడిపోయినా రెండూ ఆరిపోతాయి. ట్యూబులైట్ల జంట నిలబడడానికి కారణం ఒక్కొక్క దానికి 60 వోల్టుల లోపే చాలడం. ఇక ఎల్‌ఈడీ బల్బు ప్రతిదానిలోనూ దాని సొంత డ్రైవర్ ఉంటుంది.

పొదుపునకు సరైన మార్గాలు

ఒక చోక్‌ను రెండు మళ్లకు వంతులవారీగా వాడవచ్చు. మొదటి మడికి రాత్రి 10 నుంచి 12 వరకు, రెండవ మడికి 12 నుంచి 2 వరకు వెలుగునిస్తే, మన శీతకాలపు రాత్రిలో ఏ మడికీ ఒక విడతలో ఏడు గంటలకు మించి చీకటి మిగలదు. పూతకు పదిన్నర గంటల అఖండమైన చీకటి కావలసిన రకంలో మొగ్గను ఆపడానికి ఇది సరిపోతుంది. అయితే సరఫరా నిలిపిన తర్వాతే మార్పిడి జరగాలి. వెలుగుతున్న దీపం నుంచి తీగను మార్చరాదు. దీపం వెలిగేందుకు ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల తాకిడినిస్తుంది కనుక, మార్పిడి స్విచ్, తీగలు ఆ తాకిడికి తగినవై ఉండాలి. ఈ పని అర్హత గల ఎలక్ట్రీషియన్‌దే.

కొత్తగా ఏర్పాటు చేసేవారికి ఎరుపు కాంతి పాలు తగినంత గల చిన్న ఎల్‌ఈడీ బల్బులే మేలు. రాత్రిని గుర్తించే ఫైటోక్రోమ్ వర్ణకం 660 నానోమీటర్ల ఎరుపు కాంతికి బాగా స్పందిస్తుంది. తక్కువ వాట్ల బల్బులు ఎక్కువ చోట్ల ఉంటే వెలుగు సమంగా పరచుకొంటుంది. నీడపడిన చోట ముందుగా మొగ్గ తొడిగే బెడదా తగ్గుతుంది.

క్షేత్రాన్ని సందర్శించే విస్తరణ శాస్త్రవేత్త మూడు అంశాలు పరిశీలించాలి: చోక్, దీపం, ఇగ్నైటర్ ఒకే వాట్లకు, ఒకే రకానికి చెందినవేనా, శక్తి గుణకం కోసం కెపాసిటర్ ఉన్నదా, లోహపు భాగాలన్నిటికీ ఎర్తింగ్ ఉన్నదా. కెపాసిటర్ లేకుంటే లైనుపై ప్రవాహం దాదాపు రెట్టింపవుతుంది. తడి నేలపై, స్ప్రింక్లర్ల నడుమ, ఎర్తింగ్ లేని దీపపు స్తంభం ప్రాణాంతకం. రైతుకు చెప్పవలసిన మాట స్పష్టమైనది: రెండు దీపాలకని తయారీదారు ముద్రించిన చోక్ తప్ప, ఒక చోక్‌పై ఒక సమయంలో ఒకే దీపం.