నిలిచిన సైకిలుపై దూరప్రయాణము



పల్లెలో సైకిలు నేర్చుకొను బాలురు చేయు పని యొకటి మీరందరును చూచియే యుందురు. వెనుక చక్రము నేల నంటకుండ సైకిలును స్టాండుపై నిలిపి, దానిపై నెక్కి, ఉన్నచోటనే గిరగిర త్రొక్కుచు, భద్రాచలము పోవుచున్నానని యొకడును, ఖమ్మము పోవుచున్నానని వేరొకడును కేకలు వేయుచుందురు. బాలుర యా యాటయే నేడు పెద్దలకు వైద్యులు చెప్పెడి వ్యాయామమైనది. దానిని దినదినమును విసుగు లేక కొనసాగించుట యెట్లన్న విషయమును, నా యనుభవమున నెరిగినంతవరకు, మీకు మనవి చేసెదను.

నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. అరువదిమూడవ యేట, 2022 ఆరంభమున, నాకు మధుమేహము బయటపడెను. దినమున కరగంటకు తగ్గకుండ కాళ్లాడవలయుననియు, చక్కెర దిగకున్నచో సూదిమందు తప్పదనియు వైద్యుడు చెప్పెను. నడక మొదలుపెట్టితిని. మా యూరు పాల్వంచకును భద్రాచలమునకును నడుమ అడవి యంచున నున్నది. తెల్లవారకమునుపే రోడ్డుపై బొగ్గు లారీలు బారులు తీరును. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును. వానకాలమున పొలముగట్లు జారును, పాములు తిరుగును. అయినను ఎట్లో నడచుచుండగా, ఆ జూలై నెలలో గోదావరి వచ్చెను. భద్రాచలము వద్ద మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. ఆ మారు నీరు 71.3 అడుగులకు చేరినది. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటిది రాలేదు. ఆ వరదలో ఆగిన నా నడక, నీరు తీసిన పిదపను మరల మొదలు కాలేదు. తప్పు గోదావరిది కాదు.

మరుసటి యేడు శ్రీరామనవమికి మనుమరాలి చేయి పట్టుకొని భద్రగిరి మెట్లెక్కబోయి నడుమనే కూలబడితిని. ఆ పిల్ల నాకు నీళ్లు తెచ్చి యిచ్చి, "తాతా, నువ్వు ఈడనే కూసో, నేను చూసొచ్చి చెప్తా" అని పైకి పరుగెత్తినది. సూదిమందు మాటకు కలగని బాధ ఆ మాటకు కలిగినది.

అటుపిమ్మట మా అబ్బాయి హైదరాబాదునుండి ట్రైనరు అను పరికరమును పంపెను. అది యొక ఇనుప చట్రము. సైకిలు వెనుక చక్రమును దానిలో బిగించినచో, చక్రము నేలకు మారుగా ఒక చిన్న ఉరుళుపై నానుకొని తిరుగును. ఆ ఉరుళునకు అయస్కాంతములచేత గాని, లోపలి ద్రవముచేత గాని అడ్డు కల్పింతురు. మర త్రిప్పినకొలది బిగువు హెచ్చి, గట్టెక్కుచున్నట్లు కాలికి బరువు తెలియును. బాలుర స్టాండు సైకిలునకు లేనిది ఈ బిగువే. సైకిలు వేరుగా నక్కరలేక, అంతయు ఒక్కటిగా కూర్చిన యంత్రములును దొరకును. మోకాళ్ల నొప్పులవారికి, తూలుడు గలవారికి అవియే మేలు. ఏదైనను సీటు ఎత్తు సరిచూచుకొనవలయును. పెడలు అడుగునకు పోయినప్పుడు మోకాలు కొంచెము మాత్రమే వంగియుండవలయును. సీటు మరీ క్రుంగియున్నచో మోకాలు నెల తిరుగకుండనే మొరపెట్టును.

మొదటి పదునొకండు దినములు ఉత్సాహముగా త్రొక్కితిని. పండ్రెండవ దినమున దానిపై పంచె యారవేసితిని. ఇది నా యొక్కని కథ కాదు. ఇట్టి యంత్రము గల యే యింటికి పోయినను దానిపై తువాలు, చీర, ఒక్కొక్కచోట ఉల్లిపాయల సంచియు కాననగును.

ఏల యిట్లగుచున్నదని నాలో నేను విచారించుకొంటిని. నా కాళ్లు నిజముగా అలసినవా? లేదు. అలసినది కన్ను. అది గోడ గడియారమును విడువకుండెను. రోడ్డుపై పోవువానికి గాలి తగులును, చింతనీడ వచ్చును, ఎదురైనవాడు "ఏడికి పంతులూ?" అని పలుకరించును. గదిలో గాలియు లేదు, పలుకరింపును లేదు. గాలి లేకుండుట చిన్న విషయము కాదు. బయట వేగముచేత పుట్టు గాలి చెమట నార్చి ఒడలు చల్లబరచును. గదిలో ఆ చెమట ఆరక, అదే పనికి గుండె ఎక్కువగా కొట్టుకొనును. కావున మొదట నేను చేసిన దిద్దుబాటు, ఫంకా నెదుట పెట్టుకొని కిటికీలు తెరచుట. సగము విసుగు దానితోనే పోయినది. విసుగనుకొన్నదానిలో సగము ఉక్కపోతయే.

మిగిలిన సగము మాట చెప్పవలెను. 1818 ప్రాంతమున ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను యంత్రకారుడు చెరసాలలకొక త్రొక్కుడు చక్రము కల్పించెను. ఖైదీలు వరుసగా నిలిచి, ఎంత యెక్కినను పైకి పోని మెట్లను గంటలకొలది త్రొక్కుచుండెడివారు. కొన్నిచోట్ల దానిచేత నీరు తోడించిరి, పిండి విసరించిరి. చాలచోట్ల అది వట్టిగనే తిరిగెను. వట్టి త్రొక్కుడే ఘోరమైన శిక్షయని తలచి, 1898 నాటి చట్టము తరువాత దానిని మాన్పించిరి. ఉన్నచోటనే త్రొక్కుట శిక్ష యగునో వ్యాయామ మగునో నిర్ణయించునది చక్రము కాదు. ఈ త్రొక్కుడు ఎచ్చటికో పోవుచున్నదని మనస్సునకు తోచవలయును.

ఈ రహస్యము మన పెద్దలకు తెలియనిది కాదు. నా చిన్నతనమున ఏతాము త్రొక్కు మనుష్యులను చూచితిని. ఒకడు దూలముపై ముందునకును వెనుకకును నడచుచుండగా, వేరొకడు క్రింద బాన వంచుచుండును. ప్రొద్దు పొడిచినది మొదలు అదే నడక. అయినను వారు పాడెడివారు. ఆ పాటలోనే బానల లెక్క యిమిడియుండెడిది. పొలమంత తడుపవలెనని వారనుకొనరు. ఈ ఇరువది బానలు కానిమ్మందురు. మరియు సీతారాముల కల్యాణమునకు కోరుకొండ మొదలగు దూరపు చోట్లనుండి గోటి తలంబ్రములు వచ్చుట మీకు తెలియును. వడ్లను రోట దంపక గింజగింజకు గోటితో పొట్టు తీయుదురు. అంతకంటె ఓపిక పరీక్షించు పని యుండునా? కాని పదిమంది స్త్రీలు చేటల చుట్టు చేరి మాటలాడుకొనుచు తీయుదురు. ఆ బియ్యము ఏ చేతులమీదికి పోవునో వారి కన్నులకు కట్టియుండును.

మన యడవులలో కొమ్ముకోయ నృత్యము చూడుడు. దున్నకొమ్ములు తలకు ధరించి పురుషులు పెద్ద డోళ్లు మ్రోగించుచుండగా, స్త్రీలు చేతులు కలిపి వలయముగా అడుగులు వేయుదురు. రాత్రి గడచిపోవును గాని అడుగు తప్పదు. మణుగూరు మండలము కూనవరము వాస్తవ్యులు, 2022లో పద్మశ్రీ నందుకొని 2024లో కీర్తిశేషులైన సకిని రామచంద్రయ్యగారు పుస్తకమన్నది లేకయే కోయవీరుల కథలను గొంతెత్తి గానము చేసిరి. అట్టి కథ సాగుచుండగా వినువానికి ప్రొద్దు తెలియదు.

పడమటివారు దీనిని లెక్క కట్టిరి. న్యూయార్కు నగరమున ఒక పెద్ద మందిరములోపల ఆరు దినములు ఎడతెగక జరుగు సైకిలు పందెముండెడిది. 1911లో లెనార్డ్ ఐరిస్ అను నాతడు ప్రకటించిన లెక్కల ప్రకారము, బ్యాండు మ్రోగుచున్నంతసేపు పందెగాండ్రు గంటకు 19.6 మైళ్లును, బ్యాండు ఆగినప్పుడు 17.9 మైళ్లును పోయిరి. బ్యాండుతోపాటు జనుల కేకలును హెచ్చియుండును గనుక ఆ ఫలమంతయు బ్యాండుదే యని నేననను. మన కాలమున లండనులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయమున కరగియోర్గిస్ మొదలగువారు చేసిన పరిశోధనలును ఈ మార్గముననే నడచినవి. శ్రమ మితముగ నున్నప్పుడు సంగీతము దానిని తేలికగా తోపించును. శ్రమ మితిమీరినప్పుడు సంగీతము చెవి కెక్కదు.

ఇక వీడియోల మాట. మా మనుమరాలు టెలివిజనులో ఏది కావలెనన్న నది పెట్టి యిచ్చును. మొదట పాత పౌరాణిక చిత్రములు పెట్టుకొంటిని. ఘట్టము రసవత్తరమైనకొలది నా కాళ్లు నిలిచిపోవుచుండెను. వార్తలు పెట్టుకొంటిని, కాళ్లు తిరిగినవి గాని రక్తపుపోటును తిరిగినది. తుదకు సైకిలుపై పోవువాని కంటికి కానవచ్చునట్లు తీసిన రోడ్డు వీడియోలు నాకు నచ్చినవి. దారి మన మీదికి వచ్చుచుండును; మలుపు తిరుగగానే ఏమున్నదో చూతమని కాలు తనంత తానే కదలును. ఒక లోపము మాత్రము కలదు: మనమాగినను ఆ దారి యాగదు! దీనికి విరుగుడుగా, మనము త్రొక్కిన కొలదియే తెరపై బొమ్మ సాగు ఏర్పాటులును వచ్చినవి. 2014లో వచ్చిన జ్విఫ్టు అట్టిది. 2020 జూలైలో, మహమ్మారి కాలమున, ఫ్రాన్సుదేశపు ప్రసిద్ధ సైకిలు పందెమును దానిపై పోటీగాండ్రు ఎవరిండ్ల వారుండియే ఆడిరి. మన పల్లెకు అంత హంగు అక్కరలేదు. గోడకొక పటము చాలును.

ఆ పటము నేనే గీచితిని. ఖమ్మము, వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, సుజాతనగర్, కొత్తగూడెము, పాల్వంచ, సారపాక, వంతెన దాటి భద్రాచలము. మొత్తము ఇంచుమించు 120 కిలోమీటర్లు. అరగంటకు నాకు ఆరు కిలోమీటర్లగును. అనగా ఇరువది దినముల యాత్ర. ప్రతిదినమును త్రొక్కినంత మేర ఎర్ర సిరాతో గీత పొడిగించుచుంటిని. నా ఏతాము పాట ఈ గీతయే. వీడియోలో ఏ దేశపు రోడ్డున్నను, నా లెక్కలో నేను వైరా చెరువుగట్టున నుంటిని.

ఇచ్చటనొక తప్పు ఒప్పుకొనవలెను. తల్లాడ చేరువేళకు నాలో నొక ఆత్రము పుట్టినది. మర వదులు చేసినచో చక్రము తేలికగా తిరిగి కిలోమీటర్లు జోరుగా పడుచుండెను. ఒక్క దినమున తొమ్మిది పడినవి! మనుమరాలు వచ్చి పెడలు చేతితో త్రిప్పి చూచి, "తాతా, ఇదేంది, గాలికే తిరుగుతుంది?" అన్నది. ముప్పదియైదేండ్లు పిల్లల కాపీలు పట్టుకొన్నవాడను, ఆ దినమున పట్టుబడితిని. ఆ మూడు దినముల గీత కొట్టివేసితిని.

అందుచేత దూరము కంటె ఊపిరి మంచి కొలతయని తెలిసికొంటిని. త్రొక్కుచుండగా మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో శ్రమ సరిపోయినట్లు వైద్యులు చెప్పుదురు. హాయిగా పాడగలిగినచో బిగువు చాలదు. మాటయే రాకున్నచో మితిమీరినది. మరి ఏతాము త్రొక్కువారు పాడెడివారు గదా యని మీరడుగవచ్చును. నేనును అడుగుకొంటిని. వారిలో ఒక్కడే యెడతెగక పాడడు. ఒకడెత్తును, వేరొకడందుకొనును, ఒకడు పాడుచుండగా రెండవవాని ఊపిరి కుదుటపడును. భజనలోనును ఇదియే పద్ధతి. కావున నేనును చరణము విందును, పల్లవి మాత్రము అందుకొందును.

అరగంటలో మొదటి అయిదు నిమిషములును, చివరి అయిదు నిమిషములును మెల్లగా త్రొక్కవలయును. చటుక్కున దిగరాదు, కన్ను తిరుగును. కష్టమైనది ఆదియు కాదు, అంతమును కాదు. పండ్రెండవ నిమిషమునుండి పదునెనిమిదవ నిమిషము వరకు గల నడిమి భాగము. దిగిపోదమను తలంపు నాకు ప్రతిదినము అప్పుడే కలుగును. అందుచేత నాకు మిక్కిలి ప్రియమైన వీడియోను, భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు దారిని మా అబ్బాయి తీసినదానిని, ఆ సమయమునకే దాచుకొందును. ఆ దారి ఇంచుమించు 35 కిలోమీటర్లు. నేను దినమునకు దానిలో ఆరు నిమిషములు మాత్రమే చూతును. తరువాతిది రేపటికి. మనస్సు బొత్తిగా మొరాయించిన దినమున అయిదు నిమిషములు త్రొక్కి దిగవచ్చునని నాకు నేనే అనుమతి యిచ్చుకొంటిని. ఎక్కిన పిదప దిగిన దినములు మూడో నాలుగో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలకు వారమునకు 150 నిమిషములు మొదలు 300 వరకు మితమైన శ్రమ చెప్పబడినది. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములైనను అది తీరును. గుండె జబ్బు గలవారు వైద్యునడిగిన పిమ్మటనే ఎక్కవలయును. రొమ్ములో నొప్పి గాని, ఎడమచేతికి ప్రాకు బరువు గాని తోచిన తక్షణమే ఆపి ఆసుపత్రికి పోవలయును. కిలోమీటరు పూర్తిచేసి దిగుదమనరాదు. మధుమేహమునకు మాత్రలు, సూదిమందు వాడువారికి త్రొక్కునప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చును. వణకు, చలిచెమట వచ్చినచో బెల్లపుముక్క వేసికొనుటకు చేతికందునట్లు పెట్టుకొనుడు.

2024 నవమికి భద్రగిరి మెట్లెక్కితిని. రెండుమార్లు నిలిచితిని; రెండవమారు నిలిచినది నాకై కాదు, మనుమరాలి చెప్పు తెగినందున. చక్కెర దిగినది, మాత్ర యింకను మింగుచున్నాను. సూదిమందు మాట వైద్యుడు మరల ఎత్తలేదు.

పటముపై ఇప్పుడు నడచుచున్నది తిరుగు ప్రయాణము, భద్రాచలమునుండి ఖమ్మమునకు. నిన్నటికి జూలూరుపాడు దాటితిని. ఏన్కూరు ఇంకను రాలేదు. నేటి అరగంట మిగిలియున్నది, సెలవు.