రోదసీ యాత్రల డాక్యుమెంటరీలు – ప్రేక్షకుల అభిప్రాయాలు

మానవుడు రోదసిలో అడుగుపెట్టిన తొలి రోజుల గురించి తీసిన డాక్యుమెంటరీ ధారావాహికలను ఇప్పుడు మనవాళ్లు కూడా విరివిగా చూస్తున్నారు. చూసినవాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. మనిషి ఎంత ఘనకార్యం చేశాడని ఒకరంటారు. తిండికి లేనివాళ్లు కోట్లమంది ఉండగా అంత డబ్బు ఆకాశంలో తగలేశారని మరొకరంటారు. మొదటి మాట అన్నవారికి రెండోవారు విజ్ఞానశాస్త్రం విలువ తెలియనివారుగా కనిపిస్తారు. రెండో మాట అన్నవారికి మొదటివారు అమెరికా ప్రచారానికి లొంగిపోయినవారుగా కనిపిస్తారు. సాహిత్య విద్యార్థుల మధ్యా, రచయితల మధ్యా కూడా వాదం ఇక్కడికి వచ్చి ఆగిపోతున్నది. ఈ అభిప్రాయాలు ఎక్కడ పుడుతున్నాయో, రెండూ కలిసి దేన్ని వదిలిపెడుతున్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చర్చ గాలిలో జరగకుండా ఉండడానికి మూడు ధారావాహికలను తీసుకుంటాను. మొదటిది 2008లో నాసా స్థాపించి యాభై ఏళ్లయిన సందర్భంలో డిస్కవరీ ఛానల్ ప్రసారం చేసిన ‘వెన్ ఉయ్ లెఫ్ట్ ఎర్త్’. ఆరు భాగాలు. గ్యారీ సినీస్ అనే నటుడు వ్యాఖ్యానం చెప్పాడు. రెండోది అదే ఏడాది వచ్చిన ‘మూన్ మెషీన్స్’. దానిలోనూ ఆరు భాగాలే, కాని ఒక్కో భాగం ఒక్కో యంత్రాన్ని గురించి నడుస్తుంది: రాకెట్టు, ప్రధాన నౌక, దారి చూపిన కంప్యూటరు, చంద్రునిపై దిగిన నౌక, తొడుక్కున్న దుస్తులు, అక్కడ తిరిగిన బండి. మూడోది 2019లో రాబర్ట్ స్టోన్ తీసిన ‘చేజింగ్ ద మూన్’. మూడు భాగాలు, ఆరు గంటలు. దీనికి వ్యాఖ్యాత లేడు. పాత చిత్రాలు తెరమీద నడుస్తుంటే, ఆ రోజుల్లో పనిచేసినవారి గొంతులు మాత్రం వెనకనుంచి వినిపిస్తాయి.

మొదటి ధారావాహికను చూసినవారిలో ఎక్కువమంది ఆశ్చర్యంతోనే బయటికి వస్తారు. రావలసిందే కూడా. 1957 అక్టోబరు 4న మొదటి కృత్రిమ ఉపగ్రహం ఎగిరింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ 108 నిమిషాల్లో యాత్ర ముగించుకుని భూమికి చేరాడు. 1969 జులై 20న ఇద్దరు మనుషులు చంద్రునిమీద దిగారు. మొదటి ఉపగ్రహానికీ చంద్రునిమీద పడిన అడుగుకూ మధ్య పన్నెండేళ్లు కూడా లేవు! ఇది చూసి పొంగిపోని మనసును నేను నమ్మలేను. అయితే ఈ ధారావాహిక మొదటి భాగం పేరు ‘సామాన్యులైన మహామానవులు’ అనే అర్థం వచ్చేది. ప్రేక్షకుడి ఆశ్చర్యం ఎటు ప్రవహించాలో ఆ పేరే నిర్ణయిస్తున్నది. కెమెరా వ్యోమగామి ముఖం మీద నిలుస్తుంది, సంగీతం అతని గుండెతోపాటు కొట్టుకుంటుంది, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో వ్యాఖ్యాత కంఠం చెబుతుంది. చిత్రం పూర్తయ్యాక “ఎంత ధైర్యవంతులు!” అని మనం అనే మాట మన సొంత అభిప్రాయంలాగే ఉంటుంది. నిజానికి చిత్రం మనచేత అనిపించిన మాట అది. పురాణకథలో నాయకుణ్ణి నిలబెట్టే శిల్పమే ఇక్కడ కూడా పనిచేస్తున్నది.

రెండో అభిప్రాయానికి కూడా బలమైన ఆధారమే ఉంది. అపోలో పథకానికి దాదాపు 2,540 కోట్ల డాలర్లు ఖర్చయినట్లు 1973లో అమెరికా చట్టసభకు లెక్క చెప్పారు. 1966లో ఆ దేశపు కేంద్ర బడ్జెటులో నూటికి నాలుగు పాళ్లకు పైగా నాసాకు పోయింది. అదే కాలంలో వియత్నాం మీద బాంబులు కురుస్తున్నాయి, అమెరికా నగరాల్లో నల్లజాతి పేటలు తగలబడుతున్నాయి. ఆ ఖర్చు ఎక్కువన్న అభిప్రాయం అమెరికన్లలోనే బలంగా ఉండేదని ఆనాటి సర్వేలు చెబుతున్నాయి. దేశమంతా ఒక్క గొంతుతో చప్పట్లు కొట్టిందన్నది తర్వాత కట్టిన కథ.

‘చేజింగ్ ద మూన్’లో ఈ సందర్భానికి చెందిన ఒక ఘట్టం ఉంది. 1969 జులై 15న, అంటే అపోలో 11 బయలుదేరడానికి ముందురోజు, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నాతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచరగాడిదల బళ్లతో రాకెట్టు కేంద్రానికి వచ్చాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ వచ్చి వాళ్లను కలుసుకున్నాడు. ఈ సంగతిని ఉదాహరించేవారు చాలామంది ఇక్కడితో ఆపి, “చూశారా, పేదలు వ్యతిరేకించారు” అంటారు. అబర్నాతీ అన్నది అంతకన్నా లోతైనది. ఆ సాధన పట్ల తనకు గౌరవం ఉందని చెబుతూనే, అదే తెలివీ అదే పట్టుదలా ఆకలి తీర్చడానికి ఎందుకు పెట్టరని అతడు అడిగాడు. మీట నొక్కకుండా ఉంటే పేదరికం పోతుందంటే నొక్కనే నొక్కమని పెయిన్ జవాబిచ్చాడు. ఆ పేద కుటుంబాల్లో కొందరికి మర్నాటి ప్రయోగాన్ని దగ్గరనుంచి చూసే అవకాశం కూడా కల్పించారు.

పెయిన్ జవాబులోని నేర్పును విద్యార్థులు గమనించాలి. అబర్నాతీ రాకెట్టును ఆపమనలేదు. ఏది ముందు, ఏది వెనక అని నిర్ణయించే అధికారం ఎవరిచేతుల్లో ఉందని అడిగాడు. పెయిన్ ఆ ప్రశ్నను మీట నొక్కడం, నొక్కకపోవడం అన్నదానికి కుదించాడు. మన దగ్గర ఇప్పుడు జరుగుతున్న వాదం కూడా అట్లాగే కుదించుకుపోయింది. ఆశ్చర్యపడుతూనే ప్రశ్నించవచ్చునని ఆనాడు గాడిదబళ్లతో వచ్చిన మనిషికి తెలిసింది. చర్చల్లో కూర్చున్న మనం దాన్ని మరచిపోతున్నాం.

వ్యాఖ్యాత లేడు కాబట్టి ఈ ధారావాహికలో దృక్పథం కూడా లేదనీ, ఉన్నది ఉన్నట్లు చూపించారనీ కొందరంటారు. ఇది పొరపాటు. గంటలకొద్దీ ఉన్న పాత చిత్రాల్లోంచి ఏ ముక్క తీసుకోవాలి, దాని పక్కన ఏది పెట్టాలి, ఎవరి గొంతు వినిపించాలి అనే నిర్ణయాల్లోనే దృక్పథం ఉంటుంది. స్టోన్ వినిపించిన గొంతుల్లో ఎడ్ డ్వైట్ ఒకడు. 1960ల మొదట్లో వ్యోమగామి శిక్షణకు వెళ్లిన నల్లజాతి వైమానికుడు. 1963లో నాసా అతణ్ణి ఎంచుకోలేదు. తర్వాత శిల్పిగా పేరు తెచ్చుకున్నాడు. 2024 మే నెలలో, తొంభయ్యో ఏట, ఒక ప్రైవేటు రాకెట్టులో కొద్ది నిమిషాలు రోదసిని తాకి వచ్చాడు. అతణ్ణి చిత్రంలోకి తేవడంతోనే చిత్రం అర్థం మారిపోతున్నది. ఎవరు వెళ్లారు అన్న ప్రశ్న పక్కన, ఎవరిని వెళ్లనివ్వలేదు అన్న ప్రశ్న వచ్చి నిలబడుతున్నది.

అసలు పాత చిత్రాలకే ఒక పరిమితి ఉంది. పాలకులు కెమెరాను ఎక్కడ నిలబెట్టారో అక్కడి దృశ్యమే మిగులుతుంది. సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన మనలో చాలామందికి గగారిన్ పోతపని నేర్చుకున్న కుర్రవాడనీ, 1963లో రోదసికి వెళ్లిన తెరిష్కోవా నూలు మిల్లులో పనిచేసిందనీ తెలుసు. అది గర్వించదగిన విషయమే. కాని వాళ్లను పంపిన రాకెట్టును రూపొందించిన సెర్గీ కొరొల్యోవ్ పేరు 1966 జనవరిలో అతడు చనిపోయేవరకు లోకానికి చెప్పలేదు. అతడు 1938లో అరెస్టయి కోలిమా శిబిరంలో మగ్గినవాడన్న సంగతి చెప్పడానికి మరింత కాలం పట్టింది. అమెరికా వైపు వెర్నర్ ఫాన్ బ్రౌన్ పేరు లోకమంతా మార్మోగింది. అతని వి–2 రాకెట్లను నాజీల కాలంలో డోరా శిబిరం ఖైదీల చేత బానిసచాకిరీ చేయించి తయారుచేశారు. ఆ రాకెట్లు పడి చనిపోయినవారికంటె వాటిని తయారుచేస్తూ చనిపోయినవారే ఎక్కువ. ఒకచోట పేరు దాచారు, మరొకచోట పేరు వెనక ఉన్న శవాలను దాచారు. ఈ రెంటినీ కలిపి చూడని ప్రేక్షకుడు ఏదో ఒక పక్షపు పోస్టరును మాత్రమే చూసినట్లు.

ఇక ‘మూన్ మెషీన్స్’ సంగతి. చూసినవారిలో కొందరు ఇది ఇంజనీర్ల కోసం తీసినదనీ, మనసును తాకదనీ అంటారు. నాకైతే మూడింటిలోనూ మనుషులు ఎక్కువగా కనిపించింది దీనిలోనే. అపోలో పనిలో దాదాపు 4 లక్షలమంది పాల్గొన్నారన్న అంకెను అందరూ చెబుతారు. అంకెకు ముఖం ఉండదు. ఈ ధారావాహిక ఆ అంకెను చేతులుగా మార్చి చూపిస్తుంది.

చంద్రునికి దారి చూపిన కంప్యూటరులో ఆజ్ఞలను భద్రపరచిన తీరు వినండి. చిన్న చిన్న అయస్కాంత వలయాలుంటాయి. సన్నని రాగితీగ ఒక వలయం లోపలినుంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. శాస్త్రజ్ఞులు రాసిన ఆజ్ఞలన్నీ ఇట్లా తీగ నడకగా మారాలి. మసాచుసెట్స్ రాష్ట్రం వాల్తమ్‌లోని రేథియాన్ కర్మాగారంలో ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని, సూదితో తీగను అటూ ఇటూ అందించుకుంటూ ఈ నేత నేశారు. బట్టల మిల్లులకూ గడియారాల తయారీకీ పేరుపడ్డ ఊరు అది. అక్కడి చేతుల నైపుణ్యమే ఇక్కడికి వచ్చింది. ఒక్క తీగ తప్పితే విప్పి మళ్లీ నేయవలసిందే. ఇంజనీర్లు దీన్ని ‘ముసలమ్మల జ్ఞాపకం’ అని వేళాకోళంగా పిలిచేవారు. ఆ పిలుపులో ఆప్యాయత ఉందేమో గాని, ఆ పనికి ఇచ్చిన స్థానం కూడా అందులోనే ఉంది. చంద్రునిమీద తొడుక్కున్న దుస్తులనూ డెలవేర్ రాష్ట్రంలో కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లే కుట్టారు. ఒక కుట్టు ఊడితే మనిషి ప్రాణం పోయే బట్టలవి.

ఇప్పుడు మొదటి రెండు అభిప్రాయాలను మళ్లీ చూడండి. “ఘనకార్యం” అన్నవారు దాన్ని ముగ్గురు వ్యోమగాములకు, ఒక దేశపు జెండాకు కట్టబెట్టారు. “వృథా” అన్నవారు కూడా ఆ కార్యం జెండాదేనని ఒప్పుకుని దాన్ని తిరస్కరించారు. నేసినవాళ్లు, కుట్టినవాళ్లు, లెక్కలు కట్టినవాళ్లు ఇద్దరి మాటల్లోనూ లేరు. ఆశ్చర్యాన్ని మనం వదులుకోనక్కరలేదు. అది ఎవరికి చెందాలో వారికి చేర్చాలి. ఆ పని చేసినప్పుడు ఖర్చు గురించిన ప్రశ్నకు కూడా పదును వస్తుంది. ఇంతటి నైపుణ్యాన్ని ఒకచోటికి చేర్చగలిగిన సమాజం, ఆకలి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చేర్చలేకపోయిందని నిలదీయవచ్చు.

ఇది దూరదేశపు విషయమని తోసివేయడానికి వీల్లేదు. 1969లో రాకెట్టు కేంద్రానికి ఎంపికచేసిన శ్రీహరికోట మన తెలుగునేల మీదిది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఆ దీవిలో అడవిని నమ్ముకుని బతికిన యానాదులు కేంద్రం రావడంతో తమ చోటు విడిచిపోవలసి వచ్చింది. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి రాకెట్టు లేచింది. 2023 ఆగస్టు 23న చంద్రునిమీద దిగిన చంద్రయాన్–3 కూడా అక్కడినుంచి వెళ్లినదే. ఆ రోజు మనమంతా పొంగిపోయాం. రేపు తెలుగులో శ్రీహరికోట మీద ఒక ధారావాహిక తీస్తే అందులో యానాది గొంతు వినిపిస్తుందా? ప్రయోగవేదికకు సిమెంటు మోసిన కూలీ కనిపిస్తాడా? లేక అంకెలు దిగుతుండగా చప్పట్లు కొట్టే గది మాత్రమే కనిపిస్తుందా?

డాక్యుమెంటరీ చూసే విద్యార్థి మిత్రులకు నేను సూచించేది కొద్దిపాటి క్రమశిక్షణ. చిత్రం పూర్తికాగానే బాగుంది, బాగాలేదు అనకండి. ఎవరి ముఖం ఎక్కువసేపు నిలిచిందో, ఎవరి చేతులు మాత్రమే కనిపించాయో గుర్తుచేసుకోండి. ఈ దృశ్యాన్ని అప్పుడు ఎవరు, ఎందుకోసం తీయించారో అడగండి. సంగీతం ఆపేస్తే ఆ ఘట్టం ఎట్లా ఉంటుందో ఊహించండి. కథానికనూ నవలనూ విమర్శించేటప్పుడు ఈ ప్రశ్నలన్నీ మనం వేస్తూనే ఉన్నాం. తెరమీద ‘నిజం’ అని కనబడేసరికి ఆ కత్తిని ఒరలో పెట్టేస్తున్నాం.

ఇక రచయితల సంగతి. కెమెరా పోనిచోటికి పోవడానికే మనకు కలం ఉంది. వాల్తమ్‌లో తీగ నేసిన స్త్రీ సాయంత్రం ఇంటికి వెళ్లి ఆకాశంలో చంద్రుణ్ణి చూసినప్పుడు ఏమనుకున్నదో ఏ ధారావాహికా చూపించలేదు. శ్రీహరికోట విడిచి వచ్చిన యానాది ముసలివాడు రాత్రిపూట రాకెట్టు వెలుగు చూసి ఏమనుకున్నాడో కూడా చూపించలేదు. అది రాయవలసినవాళ్లం మనమే.