పాత ట్రాక్టరు ఉడుకుతోందా? ముందు జాలీ చూడండి

యాసంగి వడ్లు కల్లానికి చేరే రోజులు, మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలే రోజులు ఇంచుమించు ఒక్కసారే వస్తాయి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత ట్రాక్టరు సరిగ్గా అప్పుడే మొరాయిస్తుంది. మీటరు ముల్లు ఎర్రగీత చేరగానే 'ఇంజను పోయింది' అని బెంగపడకండి. చాలాసార్లు లోపం ఇంజనులో ఉండదు.

ముందుగా రేడియేటర్ జాలీ చూడండి. ఫ్యాను ముందు నుంచి గాలి లాగుతుంది, గాలితోపాటు కల్లంలోని పొట్టు, దుమ్ము జాలీకి పట్టేస్తాయి. ఇంజను చల్లారాక ఫ్యాను వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే పొట్టు మరింత లోపలికి దిగుతుంది. కోతల కాలంలో రోజూ సాయంత్రం ఈ పని చేసుకోవాలి. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే వదులైతే బిగించుకోవాలి.

ఇక నీళ్ల సంగతి. బిందె అడుగున తెల్లగా పెచ్చు కట్టే బోరు నీళ్లు రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పని చేస్తాయి. పెచ్చు పెరిగితే నీళ్లు తిరగవు. శుభ్రంగా పట్టిన వాన నీళ్లు మేలు, కూలెంట్ కలిపితే ఇంకా మేలు. మూత రబ్బరు పాడైతే మూత మార్చాలి. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి, మూత ఒత్తిడిని ఆపినప్పుడు ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. మూత బదులు గుడ్డ కుక్కి నడిపేవారున్నారు, అది కొరివితో తల గోక్కోవడమే.

దారిలో ఉడికితే లోడు లాగకుండా బండి నీడకు ఆపి, న్యూట్రల్‌లో నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వండి. బెల్టు తెగినా, నీళ్లు కారిపోయినా మాత్రం వెంటనే ఆపేయాలి. వేడి మీద మూత తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజనులో చన్నీళ్లు పోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. హెడ్డు పగులుతుంది, సీజను మొత్తం షెడ్డులోనే గడుస్తుంది. చెయ్యి ఆనేంత చల్లారాకే కొద్దికొద్దిగా పోయాలి.

ఎక్కడా కారకుండానే రోజూ నీళ్లు తగ్గుతున్నాయా? డిప్‌స్టిక్కు తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందా? అయితే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టే. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. అప్పుడు మాత్రం ఇంకో ట్రిప్పు అని ఆశపడకండి, అక్కడే ఆపి మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి.