ఇంటి పక్క కాలేజీ

మనవాళ్ళ పార్టీల్లో పిల్లల కాలేజీ కబుర్లు మొదలయ్యాయంటే వాటికో వరస ఉంటుంది. ముందు స్టాన్‌ఫోర్డ్, బర్కిలీ. తరవాత మిగతా యూసీలు. ఆ తరవాత పక్క రాష్ట్రాలు. అందరివీ అయ్యాక ఎవరో ఒక తల్లి గొంతు కాస్త తగ్గించి "మావాడు ప్రస్తుతానికి డి ఆంజాలో చేరాడండీ, రెండేళ్ళయ్యాక ట్రాన్స్‌ఫర్ అవుతాడు" అంటుంది. "మంచిదే లెండి, డబ్బు కలిసొస్తుంది" అని ఒక ఓదార్పు మాట అనేసి ఎవరి ప్లేటుతో వాళ్ళు గులాబ్ జామూన్ల వైపు నడుస్తారు. ఎంసెట్‌లో ర్యాంకు రాని పిల్లాడి తల్లిని పలకరించినట్టే ఉంటుంది ఆ ధోరణి.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్ళకి తట్టేది అంతవరకే. అది పిల్లలది, అందులోనూ పెద్ద చోట సీటు రాని పిల్లలది. ఆ తల్లి తను కూడా అక్కడ చేరొచ్చని, చేరకపోయినా అక్కడ తన పని ఒకటి జరుగుతుందని ఎవరూ చెప్పరు. కూపర్టినో, సన్నీవేల్ చుట్టుపక్కల పదమూడేళ్ళుగా ఉంటున్నాను. హెచ్-4 మీద వచ్చి, ఆ కాలేజీలోనే కొన్ని క్లాసులు చదివి, ఇప్పుడు ఒక ప్రీస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నా సంగతి తెలిసి ఎవరో ఒకరు "అక్కా, ఒకసారి నాతో రావా?" అని ఫోన్ చేస్తూ ఉంటారు. అలా వెళ్ళి తెలుసుకున్నవే ఇవన్నీ.

ఈ కాలేజీలు నిన్నమొన్న పుట్టినవి కావు. షికాగో దగ్గర జోలియట్‌లో 1901లో మొదలైన కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. హైస్కూలు అయ్యాక కూడా అక్కడే పై చదువు చెప్పుకోవచ్చని కాలిఫోర్నియాలో 1907లో చట్టం చేశారు. 1910లో ఫ్రెస్నోలో మొదటిది వచ్చింది. ఇప్పుడు ఈ ఒక్క రాష్ట్రంలోనే 116 ఉన్నాయి. 1984 దాకా ఇక్కడి వాళ్ళకి ఫీజే లేదు. ఆ ఏడాది యూనిట్‌కి 5 డాలర్లు పెడితే పెద్ద గొడవైంది. ఇప్పుడది 46 డాలర్లు. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి వాటిలో యూనిట్‌కి 31. ఎంట్రన్స్ లేదు, ఇంటర్వ్యూ లేదు, శాట్ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. మన డిగ్రీలని వెస్ లాంటి సంస్థకి పంపి మదింపు చేయించే బాధ కూడా చేరడానికి లేదు. పాత చదువుకి క్రెడిట్ కావాలనుకున్నప్పుడే ఆ ఖర్చు.

ఇంకో మాట. ఈ కాలేజీలకి మన ప్రాపర్టీ టాక్స్‌లో వాటా వెళుతుంది. అద్దెకున్నవాళ్ళు నేరుగా కట్టకపోయినా, ఇంటివాడు కట్టేది అద్దెలోంచే కదా. అంటే ధర్మానికి ఇచ్చే సీటు కాదు ఇది.

ఇక వీసా సంగతి. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు. ఒక్క క్లాసైనా, పూర్తి కోర్సైనా చేరొచ్చు, ఎఫ్-1కి మారనక్కర్లేదు. "మా దగ్గర మాస్టర్స్‌లో చేరండి, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు" అని ఊరించే ప్రకటనలు చూసి వేల డాలర్లు పోసి ఎఫ్-1కి మారిన ఆడవాళ్ళు నాకు తెలుసు. మారేముందు లాయర్ని ఒక గంట అడగడం దానికంటే చాలా చవక. ఉద్యోగం మాత్రం ఈఏడీ చేతికొచ్చాకే. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ముఖ్యంగా భర్తకి ఐ-140 ఆమోదం అయినవాళ్ళకే అది దక్కుతుంది. ఫెడరల్ ఆర్థిక సాయం మనకి రాదు, ఆ ఫారం నింపి ఆశ పెట్టుకోకండి.

మా భీమవరం అమ్మాయితో వెళ్ళినప్పుడు అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. నేను చెప్పిన 31 డాలర్లు రాష్ట్ర నివాసులకి. కానివాళ్ళకి దానికి ఎన్నో రెట్లు. హెచ్-4 వాళ్ళని ఇక్కడ నివాసులుగా లెక్కేస్తారు, బి-2, ఎఫ్-1 వాళ్ళని వెయ్యరు. ఏడాది మీద ఒక రోజు ఇక్కడ ఉన్నట్టు, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపించాలి. ఆ అమ్మాయి వచ్చి నాలుగేళ్ళైంది. బీఈడీ చేసింది, ఊళ్ళో రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. కౌంటర్ దగ్గర అమ్మాయి నవ్వుతూనే అడిగింది: మీ పేరున ఏమున్నాయి?

అద్దె ఒప్పందం ఆయన పేరున. కరెంటు బిల్లు ఆయన పేరున. ఫోన్ ఆయన ఫ్యామిలీ ప్లాన్. కారు ఆయనది, ఇన్సూరెన్స్ ఆయనది. డ్రైవింగ్ లైసెన్స్ "తరవాత చూద్దాం" అని వాయిదా పడుతూ వచ్చింది. నాలుగేళ్ళలో ఆమె ఆ ఊళ్ళో ఉన్నట్టు చెప్పే కాగితాలు రెండే: పిల్ల పుట్టిన ఆసుపత్రి బిల్లు, పబ్లిక్ లైబ్రరీ కార్డు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరూ కావాలని చేసింది కాదది, మన ఇళ్ళలో అలా జరిగిపోతుంది. చివరికి ఇద్దరి పేర్లతో కలిపి వేసిన రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్న్ ఆదుకుంది. దానితోపాటు లీజులో ఆమె పేరు చేర్పించారు. బయటికొచ్చాక "అక్కా, ఇన్నాళ్ళూ నేను ఆ ఇంట్లో ఉన్నట్టు ఋజువే లేదన్నమాట" అంది. నవ్వుతూనే అందిలెండి. మీరు కాలేజీలో చేరినా చేరకపోయినా ఈ ఒక్క పని చేసుకోండి. లీజులో పేరు, లైసెన్స్, మీ పేరున ఒక బిల్లు.

ఆ అమ్మాయి, నేను చదివిన కోర్సులోనే చేరింది. చిన్నపిల్లల చదువు, పెంపకం గురించిన క్లాసులు. లైసెన్స్ ఉన్న ప్రీస్కూల్లో టీచర్‌గా నిలబడాలంటే కాలిఫోర్నియాలో ఈ సబ్జెక్టులో 12 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి, కొంత అనుభవం కూడా. క్వార్టర్ లెక్కలో 18 యూనిట్లు. 31 చొప్పున 558 డాలర్లు. పైన చిల్లర ఫీజులు, పుస్తకాలు. మన ఊరి చీరల షాపింగ్‌లో ఒక పూట ఖర్చు.

క్లాసులో ఏం నేర్పుతారంటే, ముందు చూడటం నేర్పుతారు. పిల్లల గదిలో ఒక మూల కూర్చుని, ఒక పిల్లాడిని చూస్తూ ఏం చేస్తున్నాడో రాయాలి. "అల్లరి చేస్తున్నాడు" అని రాస్తే కొట్టేస్తారు. "మొండివాడు" అన్నా కొట్టేస్తారు. "ఎర్ర దిమ్మ తీసుకున్నాడు. పక్క పాప అడిగింది. ఇవ్వలేదు. వెనక్కి తిరిగి కూర్చున్నాడు" అని రాయాలి. చూసింది వేరు, మనం అనుకున్నది వేరు. మా బ్యాచ్‌లో పందొమ్మిదేళ్ళ అమ్మాయి పక్కన ఇరాన్ నుంచి వచ్చిన యాభై దాటిన ఆవిడ, ఆవిడ పక్కన మనవల్ని పెంచుతున్న చైనా అమ్మమ్మ. మొదటి వారం ఆ కాగితం మీద ముగ్గురం నాలుగురం తీర్పులే రాశాం. మా అమ్మ మమ్మల్ని పెంచిన భాషంతా అదే కదా: బుద్ధిమంతురాలు, పెంకిది, ఏడుపుగొట్టుది. ఆ అలవాటు పోవడానికి ఒక క్వార్టర్ పట్టింది. ఇంట్లో మా అబ్బాయి మీద దాని ప్రభావం వేరే వ్యాసం.

ఒక జాగ్రత్త. ఈఏడీ లేకుండా "జీతం లేకుండా సాయం చేస్తాను" అని ప్రీస్కూల్లో చేరిపోకండి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అనుమతి లేని ఉద్యోగం కిందకి రావచ్చు. కోర్సులో భాగంగా పిల్లల గదిలో గంటలు చెయ్యాల్సి ఉంటే ముందే కాలేజీలోను, లాయర్‌నీ అడిగి చెయ్యండి.

క్రెడిట్ లేని క్లాసులు మరో రకం. వీటికి ఫీజు లేదు. వాటిలో ఎక్కువగా ఉండేది ఇంగ్లీషు. "మాకు ఇంగ్లీషు రాకపోవడమేంటి, ఇంజనీరింగ్ ఇంగ్లీషులోనే చదివాం" అంటారు మనవాళ్ళు. రాదని కాదు. స్కూల్లో పిల్లాడి టీచర్‌తో పది నిమిషాలు మాట్లాడేటప్పుడు ఒక్కసారి కూడా మొగుడి మొహం చూడకుండా ఉండటం వేరు. ఫోన్‌లో ఇన్సూరెన్స్ వాడితో "నేను ఒప్పుకోను, మీ మేనేజర్‌ని పిలవండి" అనడం వేరు. ఆ క్లాసులో చేయించేది అదే, మాట్లాడించడం. గ్రీన్ కార్డు మీద వచ్చి పిల్లల దగ్గర ఉండిపోయిన అమ్మానాన్నలకి ఇది వరం. పగలంతా టీవీ ముందు కూర్చునే మా పక్కింటి గుంటూరు పిన్నిగారు ఆ క్లాసులో చేరాక ఒక మెక్సికన్ ఆవిడతో స్నేహం కుదిరి, ఇద్దరూ మిరపకాయల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నారు.

విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి ఇది కుదరదు. బి-2 మీద చదువు కోర్సు చెయ్యకూడదు. డిగ్రీకి లెక్కకి రాని, సరదాకి నేర్చుకునే చిన్న క్లాసులకి మాత్రం వెళ్ళొచ్చు. ఒకటి రెండు రోజుల వంట, బొమ్మలు గీయడం లాంటివి.

వాళ్ళకి ఉపయోగపడే చోటు ఇంకొకటి ఉంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనం కొనే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పళ్ళు ఉండవు. ఫుట్‌హిల్ కాలేజీలో డెంటల్ హైజీన్ చదివే విద్యార్థులు బయటివాళ్ళకి పళ్ళు శుభ్రం చేసే క్లినిక్ ఉంది. ఆ సబ్జెక్టులో అక్కడ బ్యాచిలర్ డిగ్రీ కూడా ఇస్తారు. దేశంలో ఇలాంటి కాలేజీ క్లినిక్‌లు చాలా చోట్ల ఉన్నాయి, మీ ఊళ్ళోనూ ఉండవచ్చు. బయట డెంటిస్ట్ దగ్గరకంటే ఖర్చు చాలా తక్కువ. సమయమే ఎక్కువ. ముందు ఒక రోజు చూసి, విద్యార్థి నేర్చుకోవడానికి తగిన నోరేనా అని నిర్ణయిస్తారు. తరవాత ఒక్కో సిటింగ్ రెండు మూడు గంటలు, ప్రతి అడుగులో లైసెన్స్ ఉన్న టీచర్ వచ్చి చూసి వెళతారు. ఒక స్నేహితురాలి మామగారు "ఈ పిల్ల డాక్టరేనా అమ్మా?" అని తెలుగులో మూడుసార్లు అడిగారట. నాలుగోసారి "చెయ్యి మెత్తగా ఉంది, రేపు మీ అత్తయ్యని కూడా తీసుకురండి" అన్నారట. పంటి నొప్పి, పన్ను తీయడం లాంటివి మాత్రం వాళ్ళ పని కాదు.

పన్నుల కాలంలో చాలా కాలేజీలు వీటా అనే ఉచిత సేవకి చోటిస్తాయి. శిక్షణ పొందిన వాలంటీర్లు రిటర్న్ వేసి పెడతారు, ఆదాయానికి ఒక హద్దు ఉంటుంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే వెయ్యాల్సిన ఎఫ్‌బార్ మాత్రం వాళ్ళు చెయ్యరు. మన ఇండియా ఎఫ్‌డీల సంగతి మనమే చూసుకోవాలి.

ఈ కాలేజీలో అన్నీ అమరికగా ఉంటాయనుకోకండి. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ దొరకడం క్వార్టర్ మొదట్లో తిరుపతి దర్శనం టికెట్ లాంటిది. మంచి టీచర్ క్లాసు రిజిస్ట్రేషన్ తెరవగానే నిండిపోతుంది. మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకి ఈ దారి విసుగు పుట్టిస్తుంది, అలాంటి హామీ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. పైగా ఉద్యోగస్తుల కోసం క్లాసులు సాయంత్రాలే ఎక్కువ పెడతారు. వారానికి రెండు రోజులు ఆరు నుంచి తొమ్మిదిన్నర. నాకు తెలిసి చాలామంది ఆగిపోయేది ఫీజు దగ్గర కాదు, ఆ రెండు సాయంత్రాల దగ్గర. పిల్లలకి అన్నం ఎవరు పెడతారు, నిద్ర ఎవరు పుచ్చుతారు? "ఆన్‌లైన్ క్లాసు తీసుకోవచ్చుగా" అంటారు ఇంట్లో. తీసుకోవచ్చు. కానీ వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చెవిలో లెక్చరు, ఇంకో చెవిలో కుక్కర్ కూతలు వింటూ చదివిన క్లాసుకీ, కారేసుకుని వెళ్ళి చదివిన క్లాసుకీ తేడా రెండూ చేసినవాళ్ళకి తెలుసు. కుదిరితే మొదటి క్లాసు వెళ్ళే చదవండి.

మా భీమవరం అమ్మాయి 18 యూనిట్లూ పూర్తి చేసింది. మధ్యలో వాళ్ళాయన ఉద్యోగం పోయింది. హెచ్-1 వాళ్ళకి అరవై రోజులే గడువు. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. ఒక దశలో అట్టపెట్టెలు కూడా తెచ్చుకున్నారు. ఆమె క్లాసులు మానలేదు, ట్రాన్‌స్క్రిప్ట్ మాత్రం ఒక కాపీ తీయించి పాస్‌పోర్టుల సంచిలో పెట్టుకుంది. యాభై రెండో రోజున ఆయనకి ఇంకో కంపెనీలో దొరికింది. కొత్త కంపెనీ ఐ-140 మొదటినుంచీ మొదలుపెట్టింది, కాబట్టి ఆమె ఈఏడీ ఇంకా దూరంలోనే ఉంది.

ఈ ఫాల్‌లో స్టాటిస్టిక్స్ తీసుకుంది. ప్రీస్కూలు టీచర్‌కి స్టాటిస్టిక్స్ ఎందుకే అని అడిగాను. "దేనికీ కాదక్కా, లెక్కలు చేసి చాలా రోజులైంది" అంది. మంగళ, గురువారాలు సాయంత్రం వాళ్ళాయన దోశలు వేస్తున్నాడు. మొదట్లో పెనానికి అంటుకునేవట, ఇప్పుడు ఫరవాలేదంది.