మీది 18వ నెంబరా... 20వ నెంబరా?
విమానం ఎక్కే ముందే వీసా మీద ఆ అంకె చూసుకోండి

శుక్రవారం సాయంత్రం. కువైట్ సిటీలోని మాలియా ప్రాంతం. ఎటు విన్నా తెలుగే! ‘ఏమప్పా, బాగుండావా?’ అంటూ సీమ యాస ఒకవైపు... ‘ఎప్పుడొచ్చారండీ?’ అంటూ గోదావరి పలకరింపు మరోవైపు. రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి నుంచి, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారే అంతా. కుశల ప్రశ్నలయ్యాక మరో ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘నీది కంపెనీ వీసానా, ఖాదిం వీసానా?’

ఇక్కడ మనిషి బతుకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

అంకె మారితే చట్టమే మారుతుంది

కంపెనీల్లో పనిచేసేవారికి 18వ ఆర్టికల్ కింద అకామా ఇస్తారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, వంటవాళ్లు, ఇంటి డ్రైవర్లది 20వ ఆర్టికల్. 18వ నెంబరు వారికి 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలే పని. ఇంటి పనివారికి 2015లో వేరే చట్టం చేశారు. దాని ప్రకారం వారానికో రోజు సెలవు ఇవ్వాలి. పనివారి అనుమతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. అయితే పని మాత్రం 12 గంటల దాకా చేయించుకోవచ్చు. కనీస జీతం 60 దినార్లు. నాలుగు గోడల మధ్య ఇవన్నీ అమలవుతున్నాయో లేదో చూసేదెవరు?

ఆజాద్ అంటే స్వేచ్ఛేనా?

‘ఆజాద్ వీసా ఉంది, బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చు’ అని ఏజెంట్లు ఊరిస్తుంటారు. అలాంటి వీసా కువైట్ చట్టంలోనే లేదు! 20వ నెంబరు మీద వచ్చి కఫీల్‌ను కాదని బయట పనిచేస్తే అది నేరమే. పారిపోయారని కఫీల్ ఫిర్యాదు చేస్తే అకామా పోతుంది. పట్టుబడితే జైలు, ఆపై ఇంటికి పంపడమే. 2018, 2020, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలాంటివారెందరో బయటపడ్డారు. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు 20 నుంచి 18కి మారే వీలు కూడా ఇచ్చారు. దానికీ కఫీల్ ఒప్పుకోవాల్సిందే.

లెక్క చూడండి. దినారు 270 రూపాయలనుకున్నా 60 దినార్లంటే 16,200. ఏజెంటుకు లక్ష అప్పు చేసి కడితే ఆరు నెలల జీతం మొత్తం పంపినా అసలే తీరదు. వడ్డీ సంగతి సరేసరి!

అలాగని 18 ఉంటే అంతా సుఖమేనా? 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన ఆంధ్రావాళ్లూ ఉన్నారు. వాళ్లంతా కంపెనీ ఉద్యోగులే.

వచ్చే ముందు...

రావద్దని ఎవరంటారు? ఊళ్లో లేచిన మేడలు, చదువుకున్న పిల్లలు ఈ డబ్బు చలవే. కాకపోతే తెలుసుకుని రండి. విజిట్ వీసా మీద పనికి రాకండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండనిదే ఇంటి పనికి అనుమతి లేదు. ‘దొంగదారిన పంపిస్తా’ అనేవారిని నమ్మకండి. ఈ-మైగ్రేట్‌లో నమోదై, ప్రవాసీ భారతీయ బీమా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. వీసా కాపీ ఒకటి ఇంట్లో ఇచ్చి రండి. కష్టమొస్తే భారత రాయబార కార్యాలయం తలుపు తట్టండి.

ఏజెంటు వీసా కాగితం చేతిలో పెట్టగానే కళ్లకద్దుకోవడం కాదు... చదివించుకోండి. ఆ అంకె ఏమిటో అడగండి. అడిగితే పోయేదేమీ లేదు, అడగకపోతే రెండేళ్ల బతుకు పోతుంది!