స్పానిష్ క్రియకూ ఒక క్రమముంది

స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారిని తొలి నెలల్లోనే తికమక పెట్టే క్రియల్లో బెస్తీర్‌సె ఒకటి. బట్టలు వేసుకోవడం అని దాని అర్థం. నిఘంటువులో కనిపించేది బెస్తీర్‌సె. కానీ ‘నేను బట్టలు వేసుకుంటాను’ అనాలంటే ‘మె బీస్తొ’ అనాలి. ‘మేము వేసుకుంటాం’ అనేటప్పుడు ‘నొస్ బెస్తీమొస్’ అవుతుంది, మొదటి అక్షరంలోని ఎకారం తిరిగి వస్తుంది. ‘వాడు వేసుకున్నాడు’ అంటే ‘సె బిస్త్యో’, మళ్ళీ ఇకారం. పాఠ్యపుస్తకాలు దీనికి ఇర్రెగ్యులర్ వెర్బ్ అని పేరు పెట్టి, ఆరు గళ్ళ పట్టిక గీసి, బట్టీ పట్టమని వదిలేస్తాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)లో స్పానిష్ చదివేవారికైనా, అమెరికాలో హైస్కూల్లో రెండో భాషగా దాన్ని తీసుకున్న తెలుగు పిల్లలకైనా ఎక్కువగా అందేది ఈ పట్టికే. ఆ పేరే తప్పుదారి పట్టిస్తోందని నా వాదన. ఈ క్రియలు క్రమం తప్పినవి కావు. వాటి క్రమం పట్టికలో కనిపించదు, చెవికి వినిపిస్తుంది. తెలుగు మాట్లాడేవారి చెవికి అలాంటి క్రమం కొత్తది కాదు.

ముందుగా రాత గురించి ఒక మాట. స్పానిష్‌లో ‘వి’ అక్షరం రాసినా పలికేది బకారమే, అందుకే ఇక్కడ వెస్తీర్ అని కాక బెస్తీర్ అని రాస్తున్నాను. స్పానిష్‌లో మనకున్నట్టు హ్రస్వ దీర్ఘాల భేదం లేదు. మాటలో ఏదో ఒక అక్షరాన్ని నొక్కి పలుకుతారు. ఆ నొక్కు ఎక్కడ పడుతుందో చూపడానికి దీర్ఘం వాడుతున్నాను. బీస్తొలో నొక్కు మొదటి అక్షరం మీద, బెస్తీమొస్‌లో రెండో అక్షరం మీద అన్నమాట. ఈ నొక్కు ముందు ముందు చాలా పని చేస్తుంది కాబట్టి దాన్ని గమనించుకోవాలి.

క్రియకు అంటిపెట్టుకున్న ‘సె’ సంగతి మొదట చూద్దాం. చేసిన పని ఫలితం చేసినవాడికే చెందినప్పుడు స్పానిష్‌లో ఇది వస్తుంది. తెలుగులో ఈ పని చేసేది ‘కొను’. లబార్ అంటే కడగడం, లబార్‌సె అంటే కడుక్కోవడం. అకొస్తార్ అంటే పడుకోబెట్టడం, అకొస్తార్‌సె అంటే పడుకోవడం. పోలిక ఇక్కడితో ఆగదు. ఇద్దరు ఒకరితో ఒకరు చేసే పనికీ రెండు భాషలూ అదే సాధనం వాడతాయి. కొట్టుకున్నారు అనడానికి ‘సె పెగారొన్’, పెళ్ళి చేసుకున్నారు అనడానికి ‘సె కసారొన్’. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవారికి ‘తనను తాను’ అనే అర్థం ఒక్కటే చెప్పి, తర్వాత వచ్చేవన్నీ మినహాయింపులుగా చూపుతారు. తెలుగువారు ఆ దారిలో వెళ్ళనక్కర్లేదు. అయితే రెండూ అచ్చంగా ఒకటే అనుకోకూడదు. ఈర్ అంటే వెళ్ళడం, ఈర్‌సె అంటే వెళ్ళిపోవడం. కొమేర్ అంటే తినడం, కొమేర్‌సె అంటే తినేయడం. అంటే మన కొను, పోవు, వేయు అనే మూడు సహాయక క్రియలు పంచుకున్న పనిని స్పానిష్‌లో ‘సె’ ఒక్కటే మోస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. మన ‘కొను’ ఎవరు చేసినా కొనునే, చివరి ప్రత్యయం మాత్రం మారుతుంది. స్పానిష్‌లో అది కూడా మనిషిని బట్టి మారుతుంది: నేనైతే మె, నువ్వైతే తె, వాడూ ఆమే వాళ్ళూ అయితే సె, మేమైతే నొస్, స్పెయిన్‌లో మీరైతే ఒస్. లాటిన్ అమెరికాలో ఈ ఒస్ వాడరు, అక్కడ మీకూ సె చాలు. మారే క్రియకు ఇది ముందు నిలబడుతుంది. ‘వేసుకో’ అని చెప్పేటప్పుడు, ‘వేసుకుంటూ’ అనేటప్పుడు వెనక అతుక్కుంటుంది: బీస్తెతె, బిస్త్యేందొసె. ఈ భాగంలో చిక్కేమీ లేదు, కొద్ది వారాల వాడకంతో అలవడుతుంది.

అసలు చిక్కు ధాతువులోని అచ్చు మారడంలో ఉంది. బెస్తీర్‌లోని ఎకారం ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు ఇకారమవుతుంది? వర్తమానంలో మె బీస్తొ, తె బీస్తెస్, సె బీస్తె, నొస్ బెస్తీమొస్, ఒస్ బెస్తీస్, సె బీస్తెన్. ఆరింటిలో నాలుగు ఇకారం, రెండు ఎకారం. భూతకాలంలో లెక్క తిరగబడుతుంది: మె బెస్తీ, తె బెస్తీస్తె, సె బిస్త్యో, నొస్ బెస్తీమొస్, ఒస్ బెస్తీస్తెయిస్, సె బిస్త్యేరొన్. ఇక్కడ నాలుగు ఎకారం, రెండు ఇకారం. ఈ రెండు వరుసల్నీ విడివిడిగా చూసినవారికి గందరగోళమే మిగులుతుంది. కళ్ళు మూసుకుని ధాతువు పక్కనున్న అక్షరాన్ని మాత్రం వినండి. పక్కన శుద్ధమైన ఇకారం ఉంటే (బెస్తీమొస్, బెస్తీ, బెస్తీస్తె) ధాతువులో ఎకారం నిలుస్తుంది. పక్కన వేరే అచ్చు ఉన్నా (బీస్తొ, బీస్తెన్), ఇకారం మరో అచ్చులో కలిసి యకారంగా జారిపోయినా (బిస్త్యో, బిస్త్యేందొ) ధాతువులో ఇకారం వస్తుంది. ఇదే సూత్రం. భవిష్యత్తు బెస్తిరే ఎందుకు ఎకారంతో ఉంది? పక్కన ‘తి’ ఉంది కాబట్టి. ‘వేసుకుందాం’ అనే బిస్తామొనొస్ ఎందుకు ఇకారంతో ఉంది? పక్కన ‘తా’ ఉంది కాబట్టి. ఈ క్రియకున్న కాలాలన్నీ వెతికినా దీన్ని దాటిన రూపం దొరకదు. సెలవు తీసుకోవడం అనే దెస్పెదీర్‌సె, అడగడం అనే పెదీర్, వడ్డించడం అనే సెర్బీర్, వెంబడించడం అనే సెగీర్ అన్నీ దీన్నే పాటిస్తాయి.

పక్క అచ్చును చూసి ధాతువులోని అచ్చు మారడం తెలుగువారికి వింతేమీ కాదు. చదువుతాను, చదివాను, చదవను. నడుమనున్న అచ్చు ఒకచోట ఉ, ఒకచోట ఇ, ఒకచోట అ. చదివినాను అనే పాత రూపంలోనూ, తెలంగాణలో చదివిన అన్నప్పుడూ పక్కనున్న ఇకారం స్పష్టంగా వినిపిస్తుంది. అడుగు, కడుగు కూడా ఇంతే. దీన్ని మనం ఇర్రెగ్యులర్ అనం. పట్టిక వేసి ఎవరూ మనకు నేర్పలేదు. కాకపోతే రెండు భాషల స్వభావం ఎదురెదురు. తెలుగు పక్కనున్న అచ్చు లాంటి అచ్చునే దగ్గరికి లాక్కుంటుంది. స్పానిష్‌లోని ఈ క్రియలు పక్కన ఇకారం ఉంటే తాము ఇకారం కాకుండా తప్పుకుంటాయి.

ఇది తర్వాతివాళ్ళు అల్లిన సులువు సూత్రం కాదనడానికి లాటిన్‌లో సాక్ష్యముంది. స్పానిష్ బెస్తీర్ లాటిన్ వెస్తీరె నుంచి వచ్చింది, అక్కడ మొదటి అచ్చు ఎకారమే. చెప్పడం అనే దెసీర్ వచ్చింది దీకెరె నుంచి, నవ్వడం అనే రెఈర్ వచ్చింది రీదేరె నుంచి. ఈ రెండింటిలో మూలంలో ఉన్నది ఇకారం. అంటే ఒకటి ఎకారంతో, మిగిలిన రెండూ ఇకారంతో బయలుదేరాయి. చివరికి మూడూ చాలావరకు ఒకే పద్ధతిలో స్థిరపడ్డాయి: దీగొ అంటే చెబుతాను, దెసీమొస్ అంటే చెబుతాం, దిస్యేందొ అంటే చెబుతూ. ఎక్కడెక్కడి నుంచో బయలుదేరిన మాటలు ఒకే చోటికి చేరాయంటే వాటిని నడిపిన శక్తి ఏదో భాషలో ఉండాలి. తోచినట్టు మారే మాటలు ఇంత చక్కగా కలుసుకోవు.

రెండో రకం మార్పు అకొస్తార్‌సెలో కనిపిస్తుంది. మె అక్వేస్తొ, తె అక్వేస్తస్, సె అక్వేస్త, నొస్ అకొస్తామొస్, ఒస్ అకొస్తాయిస్, సె అక్వేస్తన్. మారిన నాలుగు గళ్ళ చుట్టూ గీత గీస్తే బూటు ఆకారం వస్తుంది కనుక వీటికి బూట్ వెర్బ్స్ అని తరగతి గదుల్లో పేరుంది. బొమ్మ గుర్తుంటుంది, కారణం మాత్రం గుర్తుండదు. కారణం ఇది: లాటిన్‌లోని హ్రస్వ ఒకారం నొక్కి పలికినచోట స్పెయిన్‌లోని కాస్తిల్య ప్రాంతపు నోళ్ళలో ‘వే’గా, హ్రస్వ ఎకారం ‘యే’గా చీలింది. నొక్కు లేనిచోట అవి అలాగే ఉండిపోయాయి. ఇది క్రియలకే పరిమితమైన మార్పు కాదు. తలుపు ప్వేర్త, తలుపు దగ్గర కాపలా ఉండేవాడు పొర్తేరొ. నేల త్యేర్ర, స్థలం తెర్రేనొ. కొత్తది న్వేబొ, కొత్తదనం నొబెదాద్. నొక్కు ధాతువు మీద ఉంటే చీలుతుంది, చివరికి జరిగితే చీలదు. అక్వేస్తొలో నొక్కు ధాతువు మీద, అకొస్తామొస్‌లో చివర. బూటు ఆకారం పుట్టింది అందుకే.

ఈ మాట నిజమో కాదో పరీక్షించడానికి అర్జెంటీనా వెళ్ళాలి. అక్కడ ‘నువ్వు’ అనడానికి తూ బదులు బోస్ వాడతారు, దానితో క్రియలో నొక్కు చివరికి జరుగుతుంది. అప్పుడేమైంది? మాడ్రిడ్‌లో ‘తె అక్వేస్తస్’ అనే చోట బ్యూనస్ ఐరిస్‌లో ‘తె అకొస్తాస్’ అంటారు. నొక్కు కదిలింది, చీలిక మాయమైంది. బట్టలు వేసుకోవడంలోనూ అక్కడ ‘తె బెస్తీస్’. పక్కన ఇకారం వచ్చింది, ధాతువులో ఎకారం తిరిగి వచ్చింది. పట్టికను నమ్ముకున్నవారికి ఇది మరో కొత్త పట్టిక. కారణం తెలిసినవారు ఈ రూపాన్ని వినకముందే చెప్పగలరు. నా వాదనకు ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనబడదు.

రెండు సూత్రాలూ ఒకే క్రియలో కలిసి పనిచేయడం చూడాలంటే నిద్రలోకి జారుకోవడం అనే దొర్మీర్‌సె ఉంది. పక్కన శుద్ధమైన ఇకారం ఉంటే నొస్ దొర్మీమొస్. అది లేక, నొక్కు ధాతువు మీద ఉంటే మె ద్వేర్మొ. రెండూ లేకపోతే సె దుర్మ్యో. మూడు అచ్చులకు మూడు కారణాలు. ఒక తీరుగా అనిపించడం అనే సెన్‌తీర్‌సె కూడా ఇదే బాట: నొస్ సెన్‌తీమొస్, మె స్యేంతొ, సె సిన్‌త్యో.

ఈ వాదనకు ఎదురుగా వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది, ఏ క్రియ మారుతుందో సూత్రం చెప్పదు కదా అన్నది. నిజమే. దెఫెన్‌దేర్ నుంచి దెఫ్యేందొ వస్తుంది, కానీ ఒఫెన్‌దేర్ నుంచి ఒఫేందొ మాత్రమే వస్తుంది. జీవించడం అనే బిబీర్‌లో పక్కపక్కనే రెండు ఇకారాలు హాయిగా ఉన్నాయి: బిబీమొస్. పాత స్పానిష్‌లో ఇది బెబీర్ అనే రూపంలో కూడా కనిపిస్తుంది, తర్వాత ఇకారం అంతటా పరుచుకుంది. కాబట్టి ఏ క్రియ ఏ జట్టులో ఉందో గుర్తు పెట్టుకోవలసిందే, అందులో మినహాయింపు లేదు. కానీ క్రియకు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవడం వేరు, దాని రూపాలన్నీ మోయడం వేరు.

రెండో అభ్యంతరం, స్పెయిన్ పిల్లలు సూత్రాలు చదివి మాట్లాడుతున్నారా అని. వాళ్ళు చదవరు, కానీ వెతుకుతారు. ‘నాకు తెలుసు’ అనడానికి స్పానిష్‌లో సే అనాలి. చిన్న పిల్లలు తరచూ సాబొ అంటారు. ఆ మాట పెద్దల నోట వాళ్ళు విన్నది కాదు, తమకు తోచిన క్రమంతో కట్టుకున్నది. పసివాళ్ళే క్రమం కోసం అంత తపిస్తుంటే, వాళ్ళు వినే వేల గంటల మాట వినే అవకాశం లేని పెద్ద విద్యార్థికి ఆ క్రమాన్ని చెప్పకుండా దాచడం న్యాయం కాదు. మాట్లాడేటప్పుడు సూత్రం తలచుకునే తీరిక ఉండదన్నది కూడా సరైన మాటే. సూత్రం పని మాట్లాడించడం కాదు. మరిచిపోయిన రూపాన్ని మళ్ళీ కట్టుకోవడానికి, నోటికి వచ్చింది తప్పో ఒప్పో తేల్చుకోవడానికి అది కావాలి. సాధన దాని పక్కన ఎలాగూ ఉండాలి.

మూడోది అన్నిటికన్నా బరువైనది, ఈర్‌సె. వెళ్ళిపోతాను మె బోయ్, వెళ్ళిపోతుండేవాణ్ణి మె ఈబ, వెళ్ళిపోయాను మె ఫ్వీ. వీటిని ఏ అచ్చు సూత్రమూ కలపదు. కలపలేదని ఒప్పుకోవాలి. లాటిన్‌లోని మూడు వేర్వేరు క్రియలు ఒక్క క్రియగా కలిసిపోయాయి: ఈర్, ఈబ వచ్చినవి ఈరె నుంచి, బోయ్ వచ్చింది వాదెరె నుంచి, ఫ్వీ వచ్చింది ‘ఉండు’ అనే అర్థమున్న క్రియ భూతరూపం నుంచి. అందుకే వెళ్ళానన్నా, ఫలానాగా ఉన్నానన్నా స్పానిష్‌లో ఒకటే ఫ్వీ. ఇలాంటివి బట్టీ పట్టాల్సిందే. అయితే అవి చాలా కొద్ది, పైగా రోజూ వాడేవి. ఎక్కువ వాడుకలో ఉన్న మాటలే ఇలా పాత రూపాల్ని నిలబెట్టుకుంటాయి. అరుదుగా వాడే మాటలో ఇంత తేడా తరాలు దాటి బతకదు. ఈర్‌సెకు తనదైన మరో వింత కూడా ఉంది. ‘మీరు వేసుకోండి’ అనేటప్పుడు బెస్తీద్‌లోని దకారం పోయి బెస్తీఒస్ అవుతుంది, ‘మీరు వెళ్ళిపోండి’ అనే ఈదొస్‌లో మాత్రం దకారం నిలుస్తుంది. స్పెయిన్ జనం మాత్రం ఎక్కువగా ఈరొస్ అంటూ వచ్చారు. 1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ చివరికి 2017లో ఈ ఒక్క క్రియకు మాత్రం ఈరొస్‌ను కూడా అంగీకరించింది.

స్పానిష్ పాఠాలు చెప్పేవారికి, ముఖ్యంగా తెలుగు పిల్లలకు చెప్పేవారికి నా విన్నపం ఒకటే. పట్టిక బోర్డు మీద వేసే ముందు, అందులోని రూపాల్ని రెండు మూడుసార్లు పైకి చదివించండి. నొక్కు ఎక్కడుందో, పక్కన ఏ అచ్చుందో పిల్లల్నే చెప్పమనండి. చదువుతాను, చదివాను, చదవను అనే మూడు మాటల్ని కూడా అదే బోర్డు మీద రాయండి.